ఉమ్మడి మేడ, ఉమ్మడి స్తంభం: మార్చే హక్కు ఎవరిది?

సూరత్ నగరానికి దక్షిణాన సచిన్ పారిశ్రామిక వాడను ఆనుకుని ఉన్న పాలీ గ్రామంలో 2024 జూలై 6వ తేదీ, శనివారం మధ్యాహ్నం ఒక బహుళ అంతస్తుల నివాస భవనం కుప్పకూలింది. రాత్రంతా సహాయక బృందాలు శిథిలాలను తొలగించగా 7 మృతదేహాలు బయటపడ్డాయి. ఒక మహిళను ప్రాణాలతో రక్షించగలిగారు. ఆ భవనం 2016, 2017 ప్రాంతంలో కట్టినది. అంటే పదేళ్లు కూడా నిండలేదు. అప్పటికే అది శిథిలావస్థకు చేరడంతో అధిక భాగం గదులు ఖాళీగా ఉన్నాయి. కొద్ది కుటుంబాలు మాత్రమే, అవీ పొట్టకూటి కోసం పొరుగు రాష్ట్రాల నుండి వచ్చిన కార్మిక కుటుంబాలు, తక్కువ అద్దెకు అందులో తలదాచుకున్నాయి. ఎక్కువ మంది ఆ సమయంలో పనికి వెళ్లి ఉండడం వల్ల ప్రాణనష్టం ఇంకా పెరగలేదని, రాత్రి పాళీ ముగించుకుని నిద్రిస్తున్నవారు చిక్కుకుపోయారని అప్పటి వార్తలు తెలిపాయి.

ఆ భవనం అనుమతి లేకుండా కట్టినదన్న అంశం చుట్టూనే చర్చ జరిగింది. అది అవసరమైన చర్చే. అయితే మరొక ప్రశ్న అంతగా వినిపించలేదు. ఒక కప్పు కింద అనేక కుటుంబాలు నివసించే చోట స్తంభం, మెట్లు, మేడ, ఖాళీ జాగా వంటి ఉమ్మడి ఆస్తి బాగోగులు నిర్ణయించేది ఎవరు? ఆ నిర్ణయం నచ్చని వారు ఎక్కడికి వెళ్లాలి? పాలీలోని ఆ భవనంలో నివాసితులకు ఒక సంఘం ఉండి, ఒక కార్యవర్గం ఉండి, దానితో తగవుపడే సభ్యులు ఉండి ఉంటే పగుళ్ల విషయం ఎప్పుడో ఒక సమావేశంలో కేకలకు దారితీసేది. అద్దెకున్న వారికి అటువంటి వేదికే లేదు.

సంఘాలున్న చోట పరిస్థితి వేరు. అక్కడ తగవులకు కొదవ లేదు. మెయింటెనెన్స్ రుసుము, పార్కింగ్, మేడ తాళం, ఖాళీ స్థలంలో షెడ్డు వంటి చిన్న విషయాలుగా మొదలై ఏళ్ల తరబడి సాగే వ్యాజ్యాలుగా మారుతున్నాయి. వీటిని ఇరుగుపొరుగు పంతాలుగా కొట్టిపారేయడం మన పత్రికారంగానికి ఉన్న పాత అలవాటు. ఈ వ్యాసకర్తకూ ఆ అలవాటు లేదని చెప్పలేను.

సూరత్ తెలుగువారికి ఈ అంశం దూరపు వార్త కాదు. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా ఈ నగరంలో మరమగ్గాల మీద బతుకు నేస్తున్నాయి. లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా, డిండోలీ ప్రాంతాల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలను కూడా నడుపుతోంది. మొదటి తరం అద్దె గదుల్లో గడిపింది. తరువాతి తరం ఊళ్లోని ఎకరం అమ్మో, బంగారం కుదువపెట్టో, బ్యాంకు రుణం తీసుకునో సొంత ఇల్లు సంపాదించుకుంది. ఆ ఇల్లు చాలాసార్లు ఒక ‘సొసైటీ’లోని రో హౌస్, లేదా నాలుగైదు అంతస్తుల భవనంలో ఒక ఫ్లాట్. ఒకప్పుడు సిద్దీ నవాబుల చిన్న సంస్థానమైన సచిన్ ఇప్పుడు మరమగ్గాలు, అద్దకం కర్మాగారాలు, ప్రత్యేక ఆర్థిక మండలితో నిండిన పారిశ్రామిక వాడ. 2020లో సూరత్ నగరపాలక సంస్థ పరిధిని విస్తరించినప్పుడు ఈ ప్రాంతం నగరంలో భాగమైంది. గ్రామ పంచాయతీల కాలంలో లేచిన కట్టడాలు ఒక్క రోజులో నగర నిబంధనల కిందకు వచ్చాయి. కాగితం మీద ఆ మార్పు తేలిక. ఇటుక మీద తేలిక కాదు.

రో హౌస్ అంటే ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉండే ఇళ్లు. మన ఊళ్లలోని పెంకుటిళ్ల వరుస వంటిదే. రెండు ఇళ్ల మధ్య గోడ ఒకటే. కుటుంబం పెరిగినప్పుడు, లేదా అద్దె ఆదాయం కావాలనుకున్నప్పుడు ఒకరు పైన మరో అంతస్తు వేస్తారు. ఆ దూలం భారం ఉమ్మడి గోడ మీద పడుతుంది. పక్కింటివారు అభ్యంతరం చెబితే ‘నా ఇంటి మీద నేను కట్టుకుంటున్నాను’ అన్న సమాధానం వస్తుంది. మరుసటి సంవత్సరం వారూ ఒక అంతస్తు వేస్తారు. తగవు అక్కడితో ఆగిపోతుంది, భారం మాత్రం రెట్టింపవుతుంది. సంఘం పెద్దలు మాట్లాడరు, ఎందుకంటే వారి ఇళ్లపైనా అంతస్తులు లేచి ఉంటాయి. నేల అంతస్తులో మగ్గాలు నడిచే ఇళ్లలో దీనికి యంత్రాల కంపనం తోడవుతుంది.

మేడ సంగతి మరింత వివరంగా చూడవలసి ఉంది.

2019 మే 24న సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో తక్షశిల వాణిజ్య సముదాయంలో జరిగిన అగ్నిప్రమాదంలో 22 మంది విద్యార్థులు మరణించారు. పైఅంతస్తు నుండి పిల్లలు కిందకు దూకుతున్న దృశ్యాలను దేశమంతా చూసింది. వారు చదువుకుంటున్న శిక్షణ తరగతి నడిచింది భవనం మేడ మీద ఏర్పాటు చేసిన పైకప్పు కిందనే. మేడ అంటే భవనంలోని అందరికీ చెందిన ఖాళీ జాగా. ప్రమాదం జరిగినప్పుడు కింది అంతస్తులవారు పైకి పరుగెత్తి ఊపిరి పీల్చుకోవలసిన చోటు. దాన్ని కప్పి గదిగా మార్చడం ఒకరికి ఆదాయం, మిగిలినవారికి ఆ క్షణంలో కనిపించని నష్టం. ఆ మార్పును భవనంలోని ఏ ఒక్క వాటాదారు అయినా గట్టిగా అడ్డుకుని ఉంటే అతడిని అప్పట్లో తగవులమారి అనేవారు.

ఇప్పుడు మేడకు కొత్త విలువ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన ‘పీఎం సూర్య ఘర్’ పథకం కింద కోటి ఇళ్లపై సౌర ఫలకాలు అమర్చాలన్నది లక్ష్యం. పథకం వ్యయం 75,021 కోట్ల రూపాయలు. విడి ఇంటికి 3 కిలోవాట్ల వ్యవస్థపై గరిష్ఠంగా 78,000 రూపాయల రాయితీ లభిస్తుంది. గృహ సముదాయాలు, నివాసితుల సంఘాలు లిఫ్టు, నీటి పంపు, మెట్ల దీపాలు వంటి ఉమ్మడి అవసరాలకు ఏర్పాటు చేసుకుంటే కిలోవాటుకు 18,000 రూపాయలు ఇస్తారు. ఈ రంగంలో గుజరాత్ దేశంలోనే ముందువరుసలో ఉంది. ఫలితంగా నిన్నటివరకు వడియాలు ఆరబెట్టుకునే మేడ నేడు లెక్క కట్టే ఆస్తి అయింది. 24 ఫ్లాట్లున్న భవనంలో ఆరుగురు తమ సొంత మీటర్ల కోసం ఫలకాలు పెట్టుకుంటే మిగిలిన పద్దెనిమిది మందికి ఎండ తగిలే జాగా మిగలదు. సంఘం తీర్మానం లేకుండా ముందుగా వచ్చినవారికి ముందుగా అన్న పద్ధతి నడిస్తే, ఆలస్యంగా డబ్బు కూడబెట్టుకున్న పేద వాటాదారు తన అవిభాజ్య వాటాను ఆచరణలో కోల్పోతాడు. పైఅంతస్తువారికి మరో చిక్కు. ఫలకాల చట్రాన్ని బిగించడానికి వేసిన రంధ్రాల నుండి వానకాలంలో నీరు దిగేది వారి గదిలోకే.

ఇక్కడ ఒక సొంత అనుభవం చెప్పుకోవాలి. నేను నివసించే భవనంలో కొన్నేళ్ల క్రితం మేడ మీద సెల్ టవర్‌కు చోటు అద్దెకివ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. నెలనెలా వచ్చే అద్దెతో మెయింటెనెన్స్ తగ్గుతుందని కార్యదర్శి చెప్పారు. నేను వెంటనే చేయెత్తాను. మేము ఉండేది రెండవ అంతస్తులో. పైఅంతస్తులోని దంపతులు ఒక మూల కూర్చుని ఏమీ మాట్లాడలేదు. వారి పైకప్పు మీద ఎంత బరువు పడుతుందో, ఏ ఇంజనీరు చూశాడో అడగాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదు. ఏ కారణం చేతనో ఆ టవర్ రాలేదు. ఆనాటి చేతులెత్తే ఓటు మాత్రం అప్పుడప్పుడు గుర్తుకొస్తుంది.

చట్టం మేడను ఎలా చూస్తుంది? 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అందరూ రెరా అని పిలిచేది, ఉమ్మడి ప్రదేశాలను స్పష్టంగా నిర్వచించింది. మెట్లు, లిఫ్టులు, నడవలు, సెల్లార్లు, మేడలు, ఉద్యానాలు, ఆటస్థలాలు, పైకప్పు లేని పార్కింగ్ స్థలాలు ఇందులోకి వస్తాయి. ఆమోదం పొందిన నమూనాలోగాని, ఉమ్మడి ప్రదేశాల్లోగాని మార్పులు చేయాలంటే కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండు వంతుల మంది లిఖితపూర్వక సమ్మతి ఉండాలని 14వ సెక్షన్ చెబుతుంది. ఒకరు పది ఫ్లాట్లు కొన్నా ఈ లెక్కలో ఒక్కరే. డబ్బున్న ఒక పెట్టుబడిదారు పది ఓట్లతో పేదవాటాదారులను నొక్కేయకుండా ఇది కాపాడుతుంది. మంచి నిబంధన. కానీ దీని గురి బిల్డర్ మీద. నిర్మాణం పూర్తయి, భవనం సంఘం చేతికి వచ్చిన తరువాత అదే మార్పును సంఘం కార్యవర్గమే తలపెడితే ఈ రెండు వంతుల రక్షణ దానంతట అది వర్తించదు. అప్పుడు చూడవలసింది సంఘం నియమావళిని, రాష్ట్ర చట్టాన్ని, నగరపాలక సంస్థ అనుమతులను. బిల్డర్‌పై పోరాడి గెలిచిన వాటాదారులు మరుసటి ఏడాది తాము ఎన్నుకున్న కార్యవర్గం ముందు నిరాయుధులుగా నిలబడడానికి ఇది ఒక కారణం.

బిల్డర్‌పై పోరాటాల్లో విజయాలు లేకపోలేదు. నోయిడాలోని సూపర్‌టెక్ ఎమరాల్డ్ కోర్టు నివాసితుల సంఘం ఉదంతం అందరికీ తెలిసినదే. కొనుగోలుదారులకు చూపించిన నమూనాలో ఉద్యానంగా ఉన్న చోట రెండు ఆకాశహర్మ్యాలు లేచాయి. ఫ్లాట్ల యజమానుల సమ్మతి తీసుకోలేదు, భవనాల మధ్య ఉండవలసిన దూరం పాటించలేదు. సంఘం 2012లో అలహాబాద్ హైకోర్టును ఆశ్రయించింది. 2014లో అక్కడ గెలిచింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించి, సంఘానికి 2 కోట్ల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. 2022 ఆగస్టు 28న సుమారు 3,700 కిలోల పేలుడు పదార్థాలతో ఆ జంట భవనాలను క్షణాల్లో నేలమట్టం చేశారు. ప్రసారమాధ్యమాలు ఆ ధూళి మేఘాన్నే పదేపదే చూపించాయి. దాని వెనుక దాదాపు పదేళ్ల పాటు చందాలు వేసుకుని న్యాయవాదుల రుసుములు చెల్లించిన విశ్రాంత ఉద్యోగులు ఉన్నారన్న సంగతి రెండు వాక్యాల్లో ముగిసింది. ఆ స్థాయి ఐక్యత, ఆ స్థాయి ఆదాయం ఉధనాలోని ఒక రో హౌస్ సొసైటీకి ఎక్కడ నుండి వస్తుంది?

పార్కింగ్ విషయంలో 2010 ఆగస్టు 31 నాటి నహల్‌చంద్ కేసు తీర్పు నేటికీ ప్రామాణికం. స్తంభాల మధ్య ఖాళీగా ఉండే కింది భాగం గ్యారేజీ కిందకు రాదని, దాన్ని బిల్డర్ విడిగా అమ్ముకోజాలడని సుప్రీంకోర్టు మహారాష్ట్ర చట్టాన్ని వ్యాఖ్యానిస్తూ చెప్పింది. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా కొన్నిచోట్ల స్తంభాలపై పసుపు రంగుతో ఫ్లాట్ నంబర్లు రాసి, విడిగా సొమ్ము పుచ్చుకోవడం ఆగలేదు. విద్యుత్ వాహనాలు రావడంతో ఆ జాగాకు ఇప్పుడు తీగ కూడా కావాలి. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం వాహన చార్జింగ్ కోసం విడి కనెక్షన్ కోరే హక్కు నివాసితులకు ఉంది. మొత్తం సముదాయానికి ఒకే కనెక్షన్ ఉండాలా, ఇంటింటికీ వేరు కనెక్షన్ ఉండాలా అన్నది సగానికి మించిన ఓట్లతో, పారదర్శకంగా తేల్చాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి.

గుజరాత్‌కు ప్రత్యేకమైన మరో తగవుల మూలం ‘కామన్ ప్లాట్’. పెద్ద స్థలంలో ఇళ్లు కట్టేటప్పుడు సాధారణంగా పదో వంతు జాగాను అందరి కోసం ఖాళీగా వదలాలన్నది ఇక్కడి నిర్మాణ నియంత్రణ నిబంధనల్లో ఉంది. సొసైటీ జీవితమంతా ఈ జాగా చుట్టూనే తిరుగుతుంది. నవరాత్రుల్లో గర్బా ఆడేది అక్కడే. పెళ్లి షామియానా వేసేది అక్కడే. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న సొసైటీల్లో బతుకమ్మను పేర్చేదీ అక్కడే. పిల్లల క్రికెట్ సరే సరి. ఆ జాగాలో కార్యవర్గం ఒక గది కట్టిస్తుంది. మొదట సామాను గది అంటారు. తరువాత దానికి తాళం పడుతుంది, ఆ తరువాత అద్దె వస్తుంది. ఆ అద్దె ఏ ఖాతాలో పడుతుందో అడిగినవారికి లెక్కలు సమావేశంలో చూపుతామంటారు. మరోచోట గుడి కడతారు. గుడి విషయంలో అభ్యంతరం చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. అభ్యంతరం భక్తికి సంబంధించినదిగా మారిపోతుంది, నిర్మాణ అనుమతి ప్రశ్న పక్కకు పోతుంది. వాహనాలు పెరిగిన చోట ఆటస్థలానికి రాళ్లు పరిచి పార్కింగ్ చేస్తారు. ఇందులో ఎవరినీ దుర్మార్గులని అనలేం. బండి ఉన్నవారికి బండి నిలిపే చోటు కావాలి, పిల్లలున్నవారికి పిల్లలు ఆడే చోటు కావాలి. జాగా ఒకటే.

తెలంగాణలో ఇదే కథ కాలనీ పార్కుల పేరుతో నడుస్తోంది. లేఅవుట్‌లో పార్కుకు, రోడ్డుకు వదిలిన జాగాలు కాలక్రమంలో ప్లాట్లుగా మారడంపై హైదరాబాద్ కాలనీ సంఘాలు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగాయి. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రాకు చెరువుల ఆక్రమణలతో ఎక్కువ పేరు వచ్చింది. కానీ సోమవారం ప్రజావాణిలో దాని ముందుకు వచ్చే అర్జీల్లో పార్కులు, అంతర్గత రహదారులు కబ్జాకు గురయ్యాయన్న కాలనీవాసుల ఫిర్యాదులు గణనీయంగా ఉంటున్నాయి. బయటి ఆక్రమణదారుపై ఇటువంటి సంస్థ పనిచేస్తుంది. ఆక్రమణదారు సొంత సంఘం కార్యవర్గమే అయితే అర్జీపై సంతకం చేసేవారు తగ్గిపోతారు.

కార్యవర్గంతో తగవు వచ్చినప్పుడు గుజరాత్‌లో దారి ఏది? మొదట తెలుసుకోవలసినది ఆ సంఘం ఏ చట్టం కింద నమోదైంది అన్నది. 1961 నాటి సహకార సంఘాల చట్టం కింద ఉంటే 96వ సెక్షన్ ప్రకారం సభ్యుడికి, సంఘానికి మధ్య వివాదం బోర్డ్ ఆఫ్ నామినీస్ ముందుకు వెళ్లాలి. అక్కడి తీర్పుపై సహకార ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. సాధారణ సివిల్ కోర్టులో దావా వేసి ఏళ్లు గడిపాక, ఇది మా పరిధి కాదన్న మాట విన్నవారు ఉన్నారు. గతంలో అనేక సొసైటీలు బొంబాయి రాష్ట్రకాలపు నాన్ ట్రేడింగ్ కార్పొరేషన్ చట్టం కింద నమోదయ్యాయి. ఆ చట్టాన్ని గుజరాత్ 2005లో రద్దు చేసింది. ఆ సంఘాలు భౌతికంగా ఉన్నాయి, మెయింటెనెన్స్ వసూలు చేస్తున్నాయి, కానీ వాటిపై ఫిర్యాదు ఎవరికి చేయాలన్న ప్రశ్న సభ్యులను చాలాకాలం వేధించింది. ఇవేవీ కాకుండా కేవలం ఒక రసీదు పుస్తకం మీద నడిచే సంఘాలూ ఉన్నాయి. అక్కడ ప్రముఖ్, మంత్రి అన్న పదవులు ఉంటాయి, నియమావళి ఉండదు.

సంఘం నియమావళికి న్యాయస్థానాలు ఎంత విలువనిస్తాయో చెప్పడానికి గుజరాత్ నుండే వెళ్లిన ఒక కేసు ఉంది. అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘంలో ఒక సభ్యుడు తన బంగళా స్థానంలో ఫ్లాట్లు కట్టి అమ్మదలచుకున్నాడు. పార్సీలకు మాత్రమే సభ్యత్వమన్న నియమం అడ్డువచ్చింది. 2005 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సంఘం పక్షాన తీర్పు చెప్పింది. సభ్యుడిగా చేరినవాడు నియమావళికి తలొగ్గి చేరినట్టేనన్నది ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పుపై విమర్శలు ఉన్నాయి, వాటిలో బలమూ ఉంది. మన చర్చకు సంబంధించినంతవరకు దాని అర్థం ఒకటే. సంతకం పెట్టేముందు ఆ చిన్న పుస్తకం చదవాలి. అది గుజరాతీలో ఉంటుంది. ఫ్లాట్ కొన్న నేత కార్మికుడికి ఆ లిపి కొంత తెలిసినా, ఆ చట్టభాష తెలియదు.

సర్వసభ్య సమావేశాలు జరిగే తీరు తెలిసినవారికి ఇది అర్థమవుతుంది. నోటీసు మెట్ల దగ్గర బోర్డుకు అంటిస్తారు. రాత్రి పాళీ పనివారు దాన్ని చూసేసరికి సమావేశం ముగిసి ఉంటుంది. కోరం లేకపోతే అరగంట వాయిదా వేసి, తరువాత వచ్చినవారితోనే నడిపించవచ్చని చాలా నియమావళుల్లో ఉంటుంది. అంటే వంద ఇళ్ల సొసైటీలో పన్నెండు మంది కలిసి కామన్ ప్లాట్ భవిష్యత్తు తేల్చవచ్చు. ఆపైన తీర్మానం పుస్తకాన్ని ఇంటింటికీ తిప్పి సంతకాలు తీసుకుంటారు. తలుపు తీసిన ఇల్లాలు, అన్నగారు అడిగారు కదా అని సంతకం పెడుతుంది. ఆ సంతకం లిఫ్టు మరమ్మతుకో, మేడ మీద గదికో ఆమెకు తెలియదు. రెండేళ్ల తరువాత వివాదం వస్తే ఆ పుట సాక్ష్యంగా నిలుస్తుంది. కొన్నిచోట్ల ఇళ్లు నమోదిత దస్తావేజుతో కాక నోటరీ కాగితం మీద చేతులు మారాయి. అటువంటి వారు మెయింటెనెన్స్ చెల్లిస్తారు, సంఘం లెక్కలో సభ్యులు కారు, ఓటు లేదు.

కార్యవర్గాల పక్షం కూడా చెప్పాలి. జీతం లేని పని. పొద్దున నీటి ట్యాంకు, సాయంత్రం చెత్త బండి, రాత్రి తాగి గొడవ చేసినవాడు, అన్నీ కార్యదర్శి గుమ్మం ముందుకే వస్తాయి. పునాదిలో చెమ్మ చేరింది, స్తంభానికి మరమ్మతు చేయించాలి, ఇంటికి ఇరవై వేలు వేసుకుందాం అని ఆయన ప్రతిపాదిస్తే సగం మంది ఇవ్వరు. ఇవ్వనివారిలో ఆ ఇల్లు అద్దెకిచ్చి వేరే ఊళ్లో ఉంటున్న యజమానులు ఎక్కువ. భవనం కూలితే ప్రాణం పోయేది వారిది కాదు గనుక తొందర ఉండదు. ఉమ్మడి ఆస్తి మార్పులపై తగవుల్లో కార్యవర్గం చేసిన పనుల మీద ఎంత చర్చ ఉందో, సభ్యులు చేయనివ్వని పనుల మీదా అంత ఉండాలి.

పాత భవనాల పునర్నిర్మాణంలో ఈ రెండు చిక్కులూ ఒకేచోట కలుస్తాయి. గుజరాత్ ఓనర్‌షిప్ ఫ్లాట్స్ చట్టం 1973 నాటిది. భవనాన్ని పడగొట్టి తిరిగి కట్టాలంటే అంతకుముందు యజమానులందరి సమ్మతి అవసరమయ్యేది. ఒక్కరు ఒప్పుకోకపోయినా మిగిలినవారంతా పెచ్చులూడే కప్పు కిందే ఉండేవారు. 2018లో శాసనసభ ఆమోదించిన సవరణ 41ఎ అనే కొత్త సెక్షన్‌ను చేర్చింది. అనుమతి పొందిన తేదీ నుండి 25 ఏళ్లు నిండిన భవనాలకు, లేదా శిథిలావస్థలో ఉన్నట్టు అధికారులు ప్రకటించిన భవనాలకు 75 శాతం యజమానుల సమ్మతి చాలునని అది చెబుతుంది. పనులు పూర్తయ్యేవరకు ప్రత్యామ్నాయ వసతి లేదా అద్దె ఇవ్వవలసిన బాధ్యత నిర్మాణదారుపై ఉంటుంది. మిగిలిన 25 శాతంలో మొండివారే ఉంటారనుకోవడం పొరపాటు. కొత్త భవనంలో మెయింటెనెన్స్ మూడింతలవుతుందని భయపడే వితంతువు, పిల్లవాడి పదవ తరగతి మధ్యలో ఇల్లు ఖాళీ చేయలేని తండ్రి, బిల్డర్ రాసిన ఒప్పందంలో గడువు తప్పితే ఏమిటన్నది లేదని గమనించిన చదువరి అందులో ఉంటారు. చట్టం ఓట్ల శాతాన్ని నిర్ణయించింది. ఆ ఓటుకు ముందు ఒప్పందం ప్రతిని ప్రతి సభ్యుడికీ, అతడు చదవగల భాషలో, తగిన వ్యవధితో ఇవ్వాలన్న ఏర్పాటు ఉంటే ఈ తగవుల్లో సగం కోర్టుల దాకా వెళ్లవని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఏడు భాషల్లో పాఠశాలలు నడిపిన అనుభవమున్న నగరానికి ఒక నోటీసును రెండు మూడు భాషల్లో అచ్చువేయించడం అసాధ్యమైన పని కాదు.

నగరపాలక సంస్థ చేతిలోనూ అధికారం ఉంది. కూలిపోయే స్థితిలో ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించడానికి, మరమ్మతు లేదా తొలగింపుకు ఆదేశించడానికి 1949 నాటి గుజరాత్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 264వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. ఏటా వానలకు ముందు ఇటువంటి నోటీసులు జారీ అవుతుంటాయి. మరోవైపు 2022లో తెచ్చిన అనధికార నిర్మాణాల క్రమబద్ధీకరణ చట్టం, వ్యవహారంలో ఇంపాక్ట్ ఫీజు చట్టం, ఆ ఏడాది అక్టోబరు 1కి ముందు కట్టినవాటికి రుసుముపై మన్నింపు మార్గం తెరిచింది. ఒక చేత్తో నోటీసు, మరో చేత్తో రసీదు. మన్నింపు దరఖాస్తుపై పొరుగు వాటాదారుల అభ్యంతరాన్ని విని నమోదు చేసే పద్ధతి బలంగా లేకపోతే, ఉమ్మడి గోడ మీద వేసిన అంతస్తుకు ప్రభుత్వ ముద్ర పడిపోతుంది. పక్కింటివారికి మిగిలేది పగులు మాత్రమే.

సచిన్‌కే చెందిన మరొక ఉదంతం ఈ చర్చకు కొంచెం ఎడంగా ఉన్నా విడిచిపెట్టలేనిది. 2022 జనవరి 6 తెల్లవారుజామున ఇక్కడి పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకర్ నుండి కాలువలోకి రసాయన వ్యర్థాలను అక్రమంగా వదులుతుండగా విషవాయువు వెలువడి 6 గురు కార్మికులు మరణించారు. కాలువ అందరిదీ. దాన్ని వాడుకున్నవారు కొందరు. సమీపంలో పనిలో ఉన్నవారిని ఎవరూ అడగలేదు.

పాలీ ప్రమాదానికి తిరిగి వస్తే, అక్కడ మరణించినవారు ఇళ్ల యజమానులు కారు. వారికి సర్వసభ్య సమావేశం లేదు, తీర్మానం పుస్తకం లేదు, బోర్డ్ ఆఫ్ నామినీస్ ముందు నిలబడే అర్హత లేదు. రెరా చట్టం మాట్లాడేది కొనుగోలుదారుల గురించి. ఫ్లాట్ల చట్టం మాట్లాడేది యజమానుల గురించి. సహకార చట్టం మాట్లాడేది సభ్యుల గురించి. సచిన్, పాండేసరా, ఉధనా వాడల్లో ఒక గదిని నలుగురైదుగురు పంచుకుని, ఒకరు పగలు, ఒకరు రాత్రి అదే చాప మీద పడుకునే కార్మికులు ఈ మూడు మాటల్లో దేని కిందకూ రారు. స్తంభం పగిలిందని వారు యజమానికి చెబితే, నచ్చకపోతే ఖాళీ చేయమంటాడు. ఆ అద్దెకు మరో గది దొరకదు గనుక వారు మళ్లీ ఆ మాట ఎత్తరు.